రాతి గోడల దివాణం ఎలా కాలుతుంది?

అడిగింది ఇదీ: "విజయనగరం దగ్గర మా పెద్దలనాటి దివాణం ఉంది. రెండడుగుల మందం గోడలు, సున్నంతో కట్టినవి. ముందు భాగం మద్రాసు టెర్రస్, వెనక రెండు పక్కలూ టేకు దూలాల మీద బంగళా పెంకు. దసరాకి లైటింగ్ పెడతాం. వచ్చే వేసవిలో కప్పు బాగుచేయించాలి. మైసూరు ప్యాలెస్ ఒకసారి కాలి బూడిదైందని చదివాను. అంత రాయి ఉన్న భవనం ఎలా కాలింది? మాకూ ఆ భయం ఉందా?"

భయం ఉంది. గోడల వల్ల కాదు, గోడల పైనా గోడల మధ్యా ఉన్న ఖాళీల వల్ల.

ముందు మైసూరు సంగతి. 1897లో కాలింది ఇప్పుడు మనం చూసే భవనం కాదు, అంతకుముందున్న చెక్క ప్యాలెస్. పెద్ద రాకుమారి జయలక్ష్మమ్మణ్ణి పెళ్లి సందడిలో అంటుకుంది. కుటుంబం జగన్మోహన్ ప్యాలెస్‌కి మారింది. హెన్రీ ఇర్విన్ అనే ఇంగ్లీషు వాస్తుశిల్పి చేత కొత్తది కట్టించడం అదే ఏడాది మొదలై 1912కి పూర్తయింది, ఖర్చు 41,47,913 రూపాయలు. దెబ్బ తిన్నవాళ్లు కనుక ఈసారి రాయి, ఇటుక వాడారు, కల్యాణ మంటపానికి గ్లాస్గో నుంచి పోత ఇనుప స్తంభాలు తెప్పించారు. కాబట్టి "అంత రాయి ఎలా కాలింది" అన్న మీ ప్రశ్న మైసూరుకి వర్తించదు. అక్కడినుంచి మీరు తీసుకోవలసింది ఒక్కటే: పెళ్లి, పండగ. జనం, దీపాలు, పందిళ్లు, తాత్కాలిక వైర్లు అన్నీ ఒకేసారి ఇంట్లోకి వచ్చే రోజులవి.

మన వైపు ఇలాంటి మాట వస్తే ముందు బొబ్బిలి గుర్తొస్తుంది. 1757 జనవరి 24న కోట లోపలి ఇళ్లకు నిప్పు పెట్టింది లోపలివాళ్లే, దాడికి వచ్చిన ఫ్రెంచి సేనాని బుస్సీ సేనకి తమ ఆడవాళ్లూ పిల్లలూ చిక్కకూడదని. అది ప్రమాదం కాదు, దాన్ని ఈ లెక్కలో కలపను.

మీ భవనానికి సరిగ్గా సరిపోయే ఉదాహరణ ఇంగ్లండులోని విండ్సర్ కోట. రాతి గోడలు, చెక్క కప్పు, వందల ఏళ్లుగా ఒకదానికొకటి అతికిస్తూ కట్టిన గదులు. 1992 నవంబరు 20, శుక్రవారం, పగలు పదకొండున్నర. రాణిగారి సొంత ప్రార్థన మందిరంలో ఒక స్పాట్‌లైటు తెరకి ఆనుకుని ఉంది, దాని వేడికి తెర అంటుకుంది. మందిరంలో మనుషులున్నారు, పొద్దు నడినెత్తికి రాలేదు, కోటకి సొంత అగ్నిమాపక దళం కూడా ఉంది. అయినా ఆపలేకపోయారు. తెర మీదుగా మంట పైకి పాకి కప్పులో పడింది. అక్కడ ఒక గది పైభాగానికీ పక్క గది పైభాగానికీ మధ్య సరైన అడ్డుగోడలు లేవు. కింద గదులకి మందపాటి గోడలూ తలుపులూ ఉన్నా, పైన అంతా ఒకటే సొరంగం. ఆ దారిన సెయింట్ జార్జ్ హాలు పోయింది, బ్రన్స్‌విక్ బురుజు పోయింది. పదిహేను గంటల తర్వాత చల్లారేసరికి 115 గదులు దెబ్బతిన్నాయి, వాటిలో తొమ్మిది దర్బారు గదులు. బాగుచేయడానికి 3 కోట్ల 65 లక్షల పౌండ్లు, సరిగ్గా ఐదేళ్లు.

1837 డిసెంబరులో రష్యాలో వింటర్ ప్యాలెస్‌దీ అదే కథ. ఇటుక గోడకీ దాని ముందు నిలబెట్టిన చెక్క తడకకీ మధ్య సందులో, పొగగొట్టపు దారి నుంచి రాజుకుంది. పొగ వాసన బయటికి తెలిసేనాటికి లోపల దూలాలు కాలుతున్నాయి. ముప్పై గంటలకు పైగా మండింది. పక్కనే ఉన్న హెర్మిటేజ్ చిత్రశాల దక్కడానికి కారణం నీళ్లు కాదు. రెండు భవనాలనీ కలిపే నడవాలను కూలగొట్టి, గుమ్మాలకి ఇటుకతో గోడ కట్టేశారు. తిరిగి కట్టినప్పుడు కప్పుకి ఇనుప చట్రాలు వాడారు.

ఇప్పుడు మీ ఇంట్లో ఆ సందులు ఎక్కడున్నాయో వెతకండి. మద్రాసు టెర్రస్ భాగంలో భయం తక్కువ. దూలాల మీద సన్నటి ఇటుకను నిలువుగా పేర్చి, సున్నపు కాంక్రీటు పోసి, పైన పలకలు పరిచిన కప్పు అది. కింద సీలింగ్ కొట్టనంతవరకు దానిలో మంట పాకే ఖాళీ లేదు. పెంకు భాగంలో మాత్రం చెక్క సీలింగ్‌కీ పెంకుకీ మధ్య అటక ఉంటుంది, చాలా దివాణాల్లో అది ఈ చివరి నుంచి ఆ చివరి దాకా ఒకటే. ఒక మనిషిని టార్చితో ఎక్కించండి. రెండో చివర ఉన్నవాడికి ఆ వెలుగు కనబడితే మంటకీ దారి ఉన్నట్టే.

అటక ఒక్కటే చూసి దిగిపోవద్దు. పాత బంగళాల్లో కరెంటు లేని రోజుల్లో చేత్తో ఊపిన పంకా లాగే తాడు కోసం గోడకి పైన పెట్టిన రంధ్రం ఉంటుంది, అంగుళంన్నరో రెండంగుళాలో. పంకా పోయి డెబ్బై ఎనభై ఏళ్లయినా రంధ్రం అలాగే ఉంటుంది, మీద సున్నం కొట్టేస్తారు కనుక కంటికి ఆనదు. గోడకి తాపిన చెక్క పలకల వెనక, మెట్ల కింద గూట్లో, గోడలో ఇమిడ్చిన బీరువాల వెనక, మరుగుదొడ్డి గొట్టాలు దిగే సందులో కూడా చూడండి. ఎలక్ట్రీషియన్ ఒక వైరు కోసం కొట్టిన కన్నం అన్నిటికన్నా పెద్దది. ఒక వైరుకి అర అంగుళం చాలు, అతను నాలుగంగుళాలు కొడతాడు, పూడ్చడు.

అటకలో అడ్డుగోడ ఎలా కట్టాలి? ప్రతి పదిహేను, ఇరవై మీటర్లకొకటి, కింద ఎక్కడ మందపాటి గోడ ఉందో దాని నెత్తిమీదే. నాలుగున్నర అంగుళాల ఇటుక గోడ మేలు. బరువుకి భయపడితే ఇనుప ఫ్రేముకి రెండు వైపులా మంటకి కాలని 12 మిల్లీమీటర్ల కాల్షియం సిలికేట్ బోర్డు రెండేసి పొరలు, అతుకులు ఒకదాని మీద ఒకటి పడకుండా. ప్లైవుడ్డు అడ్డు పెట్టి అడ్డు పెట్టామనుకోవద్దు. గోడ పెంకు దాకా వెళ్లాలి. జనం ఇక్కడే తప్పు చేస్తారు: వాసాల కిందివరకు కట్టి ఆపేస్తారు, వాసాల మధ్య జానెడు సందు మిగులుతుంది, మంటకి ఆ జానెడు చాలు. వాసాల మధ్య ఖాళీలో రాక్‌వూల్ (కాలని రాతి దూది) గట్టిగా కూరి, పెంకు కింద సున్నపు మాలుతో మూయండి. స్పాంజి ఫోమ్ డబ్బాలు కొట్టి నింపితే ప్రయోజనం లేదు, మామూలు ఫోమ్ తానే మండుతుంది. మనిషి దాటడానికి తలుపు కావాలంటే దానంతటదే మూసుకునే స్ప్రింగు పెట్టించండి, లేకపోతే అది ఎప్పుడూ తెరిచే ఉంటుంది.

దూలాల గురించి భయం కాస్త తగ్గించుకోవచ్చు. లావు టేకు దూలం పైన బొగ్గు కట్టి లోపల నిలబడుతుంది. ఇలాంటి గట్టి కర్ర నిమిషానికి దాదాపు అర మిల్లీమీటరు కాలుతుంది, అంటే అరగంటలో ఒక్కో పక్కన 15 మిల్లీమీటర్లు. ఎనిమిదంగుళాల దూలం గంట సేపు మోయగలదు. అదే ముప్పావు అంగుళం సీలింగ్ పలక రెండు వైపులా అంటుకుంటే ఇరవై నిమిషాల్లో లేదు. దూలం చివరలు గోడలో దిగే చోట పుచ్చిపోయి ఉంటే ఈ లెక్క చెల్లదు, అక్కడ సుత్తితో కొట్టి చూడండి. డొల్ల శబ్దం వస్తే ముందు అది మార్చాలి. కర్రకి భయపడి ఇనుప గర్డర్లు వేయించాలనుకునేవాళ్లకి ఒక మాట: ఇనుము కాలదు కానీ వంగుతుంది. 550 డిగ్రీలకి దాని బలం సుమారు సగానికి పడిపోతుంది, గది మంట ఆ వేడిని పది నిమిషాల్లోనే దాటుతుంది. పైగా వేడికి గర్డరు పొడుగై గోడని బయటికి నెడుతుంది. పోత ఇనుప స్తంభమైతే ఎర్రగా కాలి ఉన్నప్పుడు చన్నీళ్లు పడితే పగలొచ్చు.

ఇక నిప్పు పుట్టే చోట్లు. మొదటిది కరెంటు. చెక్క పట్టీ మీద, రబ్బరు లోపల, నూలు అల్లిక పైన ఉన్న పాత వైరు ఒక్క గదిలో కనబడినా ఆ లైను మొత్తం తీసేయించండి. రబ్బరు ముప్పై ఏళ్లకే పెళుసు బారుతుంది. కొత్తది రాగి వైరు, ఇనుప పైపులో. అటకలో ఎక్కడా జాయింటు పెట్టకూడదు. లైట్లకి ఒకటిన్నర చదరపు మిల్లీమీటర్ల వైరు, 10 ఆంపియర్ల ఎంసీబీ (కరెంటు మితిమీరితే దానంతటదే పడిపోయే స్విచ్చు). ప్లగ్గులకి రెండున్నర, 16 ఆంపియర్లు. ఎంసీబీ ఊరికే పడిపోతోందని 32 వేసేవాళ్లు నిప్పుకి పెట్టిన కాపలాని పంపేస్తున్నారన్నమాట. ఎంసీబీ ఒక్కటే చాలదు కూడా. ప్లగ్గులకి 30 మిల్లీఆంపియర్ల ఆర్‌సీసీబీ (కరెంటు కారితే ఆపేసే స్విచ్చు), మెయిన్‌లో 100 లేదా 300ది ఉండాలి, కరెంటు ఎక్కడో తడిసిన గోడలోకో ఎలుక కొరికిన చోటికో కారుతుంటే పట్టేది అదే. ఈ రెండూ పట్టలేనిది వదులైన స్క్రూ. అది ఎక్కువ కరెంటు లాగదు, ఉన్న కరెంటుతోనే వేడెక్కుతుంది. అందుకే ఏడాదికోసారి, దసరాకి ముందు, లోడు మీద ఉండగా బోర్డులన్నీ వేడిని చూపే థర్మల్ కెమెరాతో చూపించండి.

2019 అక్టోబరు 31న జపాన్‌లో షురి కోట కాలింది కూడా తెల్లవారుజామున రెండున్నరకి, ప్రధాన భవనం లోపల. కారణం ఇదీ అని తేల్చలేకపోయారు, అనుమానం మాత్రం కరెంటు మీదకి పోయింది. బయటినుంచి వచ్చే మంటని ఆపడానికి కప్పు మీద నీటి జల్లు ఏర్పాటు ఉంది, లోపల స్ప్రింక్లర్లు లేవు. అందుకే రాత్రి బయటికి వెళ్లేముందు మెయిన్ కట్టేయడం ఖర్చు లేని మందు. అలారం, సీసీ కెమెరా, ఫ్రిజ్ వేరే లైను మీద ఉంచి, మిగతాదంతా ఒక్క స్విచ్చుతో ఆగేలా చేయించుకోండి.

రెండోది పండగ లైటింగ్. 1000 వాట్ల ఫోకస్ లైట్లు మూడు కలిపితే 13 ఆంపియర్లు; డెకరేషన్ వాళ్లు తెచ్చే సన్న వైరు దాన్ని మోయదు, చుట్ట విప్పకుండా వాడితే చుట్ట మధ్యలో కరిగిపోతుంది. హాలోజెన్ అయితే తెరకీ చెక్కకీ మీటరు దూరం, తగ్గడానికి లేదు. ఎల్ఈడీ పెట్టమనండి, వేడి తక్కువ, ఆ 13 ఆంపియర్లు రెండుకి దిగుతాయి. సిరిమానోత్సవం రోజుల్లో ఊరంతా మీ వీధిలోనే ఉంటుంది కనుక వాకిట్లో తాటాకు పందిరి వేస్తారు. దాని చివర మీ పెంకు చూరుకి తగలకూడదు, ఐదారు మీటర్లు వదలండి. గాడిపొయ్యి, గ్యాస్ సిలిండర్లు పందిరి కింద వద్దు, గాలి వాలుకి ఇంటికి అవతల పెట్టించండి. దీపావళికి భయపడాల్సింది చిచ్చుబుడ్డికి కాదు, పగిలిన పెంకు సందులోంచి దూరే రాకెట్‌కి. సందు కింద పావురాల గూడు ఉంటుంది, ఎండు పుల్లలు.

మూడోది మరమ్మతు, వచ్చే వేసవిలో మీకు అన్నిటికన్నా ప్రమాదం ఇదే. వెల్డింగు, గ్యాస్ కట్టింగు, తారు షీటు మంటతో అతికించడం, రంగు ఊడదీయడానికి బ్లో ల్యాంపు. సాధ్యమైనంతవరకు ఇవన్నీ కింద నేల మీద చేసి పైకెక్కించమనండి. పైనే చేయాల్సి వస్తే పనికి ముందు అటకలో చెత్త, గూళ్లు, గబ్బిలాల పెంట ఊడ్పించి, పది మీటర్ల చుట్టూ తీయలేని కర్ర మీద తడి గోనెలు కప్పాలి. పక్కన తొమ్మిది లీటర్ల నీటి ఎక్స్‌టింగ్విషర్ రెండు, దాన్ని వాడటం వచ్చిన ఒక మనిషి, అతనికి వేరే పని చెప్పకూడదు. పని ఆగాక గంట సేపు అతను అక్కడే ఉండాలి, గోడకి అవతలి వైపు కూడా చూడాలి. సాయంత్రం మళ్లీ ఒకసారి. నిప్పురవ్వ దుమ్ములో పడితే మూడు నాలుగు గంటలు కుములుతుంది. కనుక మంట పని మధ్యాహ్నం భోజనాలకే ముగించాలని కాంట్రాక్టు కాగితంలో రాయించండి. నోటి మాటైతే సాయంత్రం ఆరింటికి కూడా కట్టింగు నడుస్తూనే ఉంటుంది. తలుపులకి అవిసె నూనె పాలిష్ చేసే వడ్రంగుల గుడ్డలు కూడా లెక్కలో వేసుకోవాలి. ఉండ చుట్టి మూల పడేస్తే వాటంతటవే వేడెక్కి అంటుకుంటాయి, అగ్గిపుల్ల అక్కర్లేదు. నీళ్లున్న మూత డబ్బాలో వేయించండి.

అటకలో మామూలు పొగ డిటెక్టర్ పెట్టించకండి, దుమ్ముకీ గబ్బిలాలకీ రోజూ మోగి చివరికి ఎవరో వైరు పీకేస్తారు. అక్కడికి వేడి పసిగట్టే కేబుల్ నయం, కొప్పు వెంట పొడుగునా లాగుతారు. అందులో 68 డిగ్రీలదీ 88 డిగ్రీలదీ దొరుకుతాయి. మన మే నెల ఎండకి పెంకు కింద వేడి ఎంత పెరుగుతుందో తెలుసు కనుక 88ది తీసుకోండి. గదుల్లో పొగ డిటెక్టర్లే. పొడి ఎక్స్‌టింగ్విషర్లు చవకని ఇల్లంతా వేలాడదీయొద్దు. ఆ పొడి మన సముద్రపు గాలి తేమకి ఇత్తడి, వెండి, అద్దాల పూతల్ని తినేస్తుంది, మంట కన్నా పొడి వల్ల పోయే సామాను ఎక్కువుంటుంది. కరెంటు బోర్డు దగ్గర నాలుగున్నర కేజీల కార్బన్ డయాక్సైడు, కర్ర, గుడ్డ ఉన్న గదుల్లో నీటిని సన్నటి తుంపరగా చల్లే మిస్ట్ రకం, వంటింట్లో ఒక్కటి పొడి.

నీళ్ల లెక్క చాలామంది వేసుకోరు. ఫైరింజను మోసుకొచ్చేది మామూలుగా 4,500 లీటర్లు. ఒక పైపు నిమిషానికి 450 లీటర్లు కొడితే పది నిమిషాల్లో ఖాళీ, తర్వాత అది నింపుకోవడానికి వెళ్లాలి. విండ్సర్‌లో సుమారు 70 లక్షల లీటర్లు పోశారు, కోట నీటి సరఫరా, ఈతకొలను, చివరికి థేమ్స్ నది కూడా వాడారు. మీకు 20,000 లీటర్ల సంపు ఉంటే ఒక పైపుకి ముప్పావు గంట. పాత నుయ్యి పూడ్చేయకుండా ఉంటే అది బంగారం, ఎండాకాలంలో నీటిమట్టం ఎంతో కొలిచి రాసి ఉంచండి. డీజిల్ పంపు పెట్టించండి, ఎందుకంటే మంటొస్తే ముందు పోయేది కరెంటే. పంపుని వారానికోసారి పది నిమిషాలు నడపాలి. ఇంజను లోపలికి రావడానికి మీ సింహద్వారం వెడల్పూ కమాను ఎత్తూ టేపుతో కొలిచి, ఫైర్ స్టేషన్ వాళ్లని పిలిచి ఒకసారి బండితో వచ్చి చూడమనండి. కమాను కింద బండి ఇరుక్కుంటుందని మంట రోజున తెలియకూడదు. 101 నంబరుకి ఫోను చేసేవాడు దారి చెప్పేటప్పుడు "దివాణం" అంటే సరిపోదు, ఏ వీధి వైపు గేటు తెరుస్తున్నారో చెప్పాలి.

సామాను విషయంలో విండ్సర్‌కి అదృష్టం కలిసొచ్చింది. వైరింగ్ మార్చే పని కోసం చాలా గదులు ముందే ఖాళీ చేసి ఉన్నాయి, మిగతావి సైనికులూ సిబ్బందీ వరస కట్టి చేతులు మార్చుకుంటూ బయటికి చేర్చారు. తీయలేనంత పెద్దవి రెండే పోయాయి, ఒక చిత్రపటం, ఒక బల్ల. మీరు ఇప్పుడే ఒక జాబితా రాయండి, ఇరవై వస్తువులకి మించకుండా: ఏ గది, ఏ గోడ, ఎంత బరువు, ఎంతమంది మోయాలి, దించడానికి ఏ పనిముట్టు. గోడకి స్క్రూతో బిగించిన పటం దించడానికి స్క్రూడ్రైవరు ఆ గది తలుపు వెనకే వేలాడాలి. కాపీ ఒకటి ఇంట్లో, ఒకటి ఇంకో ఊళ్లో. మనుషులు బయటికి వచ్చాకే ఈ జాబితా. పొగ కమ్మిన గదిలోకి దస్తావేజుల కోసం ఎవరినీ పంపొద్దు.

మంట ఆరాక జరిగే నష్టం గురించి ఎవరూ మాట్లాడరు. పోసిన నీళ్లలో ప్రతి వెయ్యి లీటర్లూ టన్ను బరువు. పై అంతస్తులో అరడుగు నీళ్లు నిలిస్తే చదరపు మీటరుకి 150 కేజీలు, కాలిన దూలాల మీద. ముందు నీళ్లు దింపేయాలి, అవసరమైతే నేలకి కన్నాలు కొట్టి. తర్వాత దూలాల కింద ఆసరాలు. తర్వాతే లోపల నడవడం. తడిసిన కాగితాలకి రెండు రోజుల్లో బూజు పడుతుంది. ఎండలో పరిస్తే ముడుచుకుపోతాయి. రోజుకి కొన్ని మాత్రమే ఆరబెట్టగలిగితే మిగతావి పాలిథిన్ సంచుల్లో కట్టి, రొయ్యల కంపెనీ కోల్డ్ స్టోరేజీలో మైనస్ 18 దగ్గర పెట్టించండి, మన తీరంలో అవి దూరం కావు. గాజు పలక ఫొటోలు మాత్రం గడ్డకట్టించకూడదు. తాటాకు గ్రంథాలు నీడలో, ఫ్యాను గాలికి, ఆకు ఆకూ విడదీసి.

గోడల్ని వెంటనే పడగొట్టమని సలహా ఇచ్చేవాళ్లు వస్తారు. వినకండి. పై పూత బాగా కాలిన చోట సున్నం మళ్లీ నీళ్లు తగలని పొడి సున్నమై, నీళ్లు తగలగానే ఉబ్బి రాలిపోతుంది. అది సాధారణంగా పైపొర వరకే. ఉలితో గీకి గట్టి రంగు మారని సున్నం తగిలేదాకా చూడండి. దాని వెనక గోడ నిటారుగా ఉందో లేదో గుండు దారంతో కొలవండి. ఆరడానికి మోటు లెక్క నెలకి అంగుళం: రెండడుగుల గోడ రెండు పక్కలా గాలి ఆడితే ఏడాది పడుతుంది. ఈలోగా తొందరపడి సిమెంటు ప్లాస్టరు వేశారో, తేమ లోపలే ఉండిపోయి మిగిలిన దూలాల చివరలు పుచ్చిపోతాయి. సున్నమే వాడండి, అదీ రెండో వేసవి దాటాక.